అలన్ ట్యూరింగ్ జీవితము – యంత్రబుద్ధి విచారము

యంత్రము ఆలోచింపగలదా అను ప్రశ్నకు శాస్త్రచర్చలో స్థిరమైన రూపము కల్పించినవాడు ఆంగ్లేయ గణితవేత్త అలన్ మాథిసన్ ట్యూరింగ్. ఇతడు 1912 జూన్ 23వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి జూలియస్ ట్యూరింగ్ మద్రాసు రాజధానిలో ఐ.సి.ఎస్. ఉద్యోగి. ఆంధ్ర, రాయలసీమ జిల్లాలు నాడు ఆ రాజధానిలోనివే. తల్లి ఎథెల్ సారా ఆ రాజధానిలోని పోదనూరునందే పుట్టినది. తలిదండ్రులు హిందూదేశమున నుండుటచే అలన్, అతని అన్న జాన్ బాల్యమున అధికభాగము ఇంగ్లండునందు పరుల యింట పెరిగిరి.

షెర్బోర్న్ పాఠశాలలో చదువుచుండగా క్రిస్టఫర్ మోర్కమ్ అను విద్యార్థితో ఇతనికి గాఢమైన మైత్రి కుదిరెను. గణితము, ఖగోళము ఇద్దరికిని ప్రియవిషయములు. 1930 ఫిబ్రవరిలో మోర్కమ్ క్షయవ్యాధిచే అకాలమరణము నొందెను. అంతటి బుద్ధి దేహముతోనే నశించెనా, దానికి వేఱొక ఆశ్రయము కలదా అను చింత ట్యూరింగును వదలలేదు. మిత్రుని తల్లికి లేఖలు వ్రాయుచు, చైతన్యమునకు దేహమునకు గల సంబంధమును విచారించెను. అతని యంత్రబుద్ధి విచారమునకు బీజము ఈ శోకమునందే కలదని తలచుట యుక్తము.

1931లో కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాలలో చేరి, 1935లో అచటనే ఫెలోగా ఎన్నికయ్యెను. ఏ గణితవాక్యము సాధ్యమో ఏది అసాధ్యమో నిర్ణయించు నియతమార్గ మున్నదా అను ప్రశ్నను హిల్బర్ట్ లేవదీసియుండెను. 1936లో ట్యూరింగ్ దీనిని పరిశీలించుటకు లెక్క చేయు మనుష్యుని వ్యాపారమునే ఆదర్శముగా గైకొనెను. ఒక చిహ్నమును చూచుట, నియమానుసారముగ మఱియొకటి వ్రాయుట, పక్కకు జరుగుట – ఈ స్వల్పక్రియలతో ఒక యంత్రమును మనస్సున కల్పించెను. అట్టి యంత్రములన్నింటి పనిని ఒక్క సార్వత్రిక యంత్రమే చేయగలదని నిరూపించెను. ఏ యంత్రమును తేల్పజాలని ప్రశ్నలు కలవనియు నిరూపించెను. సూత్రము వెంట సూత్రము ప్రవర్తింపగా పదసిద్ధిని సాధించు వైయాకరణునకు ఈ కల్పన అపరిచితము కాదు. అయినను సూత్రమును ప్రవర్తింపజేయుట వేఱు, సూత్రమును దర్శించుట వేఱు.

1939లో యుద్ధము ఆరంభము కాగానే ట్యూరింగ్ బ్లెచ్లీ పార్కున చేరెను. పోలెండు గణితజ్ఞుల పూర్వకృషి ఆధారముగా ‘బాంబ్’ అను యంత్రమును రూపొందించి, జర్మనుల ఎనిగ్మా రహస్యలిపిని ఛేదించుటలో ప్రధానపాత్ర వహించెను. 1948లో మాంచెస్టరు విశ్వవిద్యాలయమున ప్రవేశించెను.

1950లో ‘మైండ్’ అను తత్త్వశాస్త్ర పత్రికలో ఇతడు ప్రకటించిన వ్యాసము నేటి చర్చలకు మూలము. పరీక్షకుడు కంటికి కానరాని మనుష్యునితోను, యంత్రముతోను లిఖితరూపమున సంభాషింపవలెను. ఏది యంత్రమో నిర్ణయింపలేనిచో యంత్రము పరీక్షలో నెగ్గినట్లు. మన శాస్త్రగ్రంథములందువలెనే ఇతడును తొమ్మిది పూర్వపక్షములను నిలిపి, ఒక్కొక్కదానికి సమాధానము చెప్పెను. వానిలో ముఖ్యమైనది 1843లో ఏడా లవ్‌లేస్ వెలిబుచ్చిన అభిప్రాయము. యంత్రము మన యాజ్ఞను నెరవేర్చును గాని, స్వయముగా దేనిని ఆరంభింపదని ఆమె తాత్పర్యము. యంత్రములు తన్ను తఱచుగా ఆశ్చర్యపఱచుచున్నవనియు, మనుష్యుని నూతనత్వము సైతము పూర్వశిక్షణనుండి మొలచినది కాదని నిశ్చయింప లేమనియు ట్యూరింగ్ ప్రత్యుత్తర మిచ్చెను. శిశుబుద్ధివంటి యంత్రమును నిర్మించి దానికి విద్య గఱపుట మేలని సూచించెను. తన పక్షమునకు బలవత్తరమైన హేతువు తనకడ లేదనియు దాచక చెప్పెను.

1952లో స్వలింగ సంబంధము కారణముగా, నాటి చట్టము ననుసరించి న్యాయస్థానము ఇతనిని నేరస్థునిగా నిర్ణయించెను. చెఱసాలకు మాఱుగా హార్మోను చికిత్సకు లోబడవలసి వచ్చెను. 1954 జూన్ 7వ తేదీన సయనైడు విషముచే మరణించెను. విచారణాధికారి దానిని ఆత్మహత్యగా నిర్ణయించెను. 2009లో బ్రిటన్ ప్రధానమంత్రి ప్రభుత్వపక్షమున క్షమాపణ చెప్పెను. 2013లో రాజక్షమ లభించెను.

పరుని మనస్సు మనకు ప్రత్యక్షము కాదు. వాక్కు, చేష్ట అను లింగములచే అనుమేయము. కావున వాక్కునే ఆధారముగా గొనిన ట్యూరింగ్ మార్గము నిర్యుక్తికము కాదు. అతని కాలమున మనుష్యునివలె సంభాషించునది మనుష్యుడు దక్క వేఱొకటి లేదు. నేటి యంత్రములు మనుష్యులు వ్రాసిన అపారమైన వాక్యరాశినుండియే సంభాషణను అభ్యసించినవి. ఇట్టిచోట వాక్కు అను హేతువు సవ్యభిచారమగునను శంక తప్పదు. దానిచే యంత్రమున చైతన్యము సిద్ధింపదు, చైతన్యాభావమును సిద్ధింపదు.

ప్రతిభ, వ్యుత్పత్తి, అభ్యాసము కావ్యహేతువులని ఆలంకారికులు నిర్ణయించిరి. కడపటి రెండును యంత్రమునకు అమితముగా లభించినవి. ప్రతిభ మాట తేలలేదు. క్రౌంచవధచే కలిగిన శోకమునుండి ఆదికావ్యము పుట్టెనని సంప్రదాయము. ట్యూరింగ్ విచారమునకును మిత్రవియోగమే ప్రేరకము. అతడు కల్పించిన పరీక్ష ఉత్తరములనే తూచును. ప్రశ్న ఎట్లు పుట్టెనో తూచదు. యంత్రము తనదైన లోటునుండి తానే ఒక ప్రశ్నను లేవదీసిననాడు లవ్‌లేస్ పూర్వపక్షము ఖండితమగును. అంతవరకు అది నిలిచియే యుండును.