మన్రో దొర: మిత్రుల వేగు

వానకై మొగము చూచు కొత్తచెరువు ప్రాంతపు మెట్టరైతులకు తామసు మన్రో పేరు క్రొత్తది కాదు. బిడ్డలకు మన్రోలప్ప యని పేరిడిన తలిదండ్రులు ఈ సీమలో కలరు. కాని కలెక్టరగుటకు ముందు ఆయన వేగుశాఖలో పనిచేసెనని యెరిగినవారు కొలదిమందియే. ఆ వృత్తాంతము మన పాఠకులకు వినదగినదని మేము తలంచుచున్నాము.

1761లో గ్లాస్గో నగరమున జన్మించి, 1780లో సైనికుడై మదరాసు చేరిన మన్రో 1788లో కెప్టెన్ రీడ్ క్రింద వేగుశాఖలో సహాయకుడయ్యెను. టిప్పు సుల్తాను బలమును, కదలికలను అరయుట వారి పని. పారసీకమును, హిందుస్థానీని శ్రద్ధతో నేర్చిన మన్రోకు ఆ పని అబ్బినది.

1790లో కుంపిణీ, నిజాము, పీష్వా టిప్పుపై నేకమైరి. ఆ యుద్ధమున మన్రోయు పాల్గొనెను. 1791 మే నెలలో కారన్ వాలీసు శ్రీరంగపట్టణపు దాపునకు చేరియు, గ్రాసము లేక, ఎడ్లు చావగా, పెద్ద ఫిరంగులను తానే పగులగొట్టించి వెనుదిరిగెను. అంతలో మహారాష్ట్ర సేనలు ఎదురుపడెను! వారి రాకను తెలుపు జాబులను టిప్పు రౌతులు దారిలోనే పట్టుకొని యుండిరి. ఒక్క జాబు చేరియుండినచో ఆ ఫిరంగులు దక్కెడివేమో. సంధిపత్రము మిత్రులను చేయును. వార్తయే వారిని ఒక్క సేనగా చేయును. 1943లో, రెండవ ప్రపంచయుద్ధ మధ్యమున, బ్రిటనును అమెరికాయు రహస్యవార్తల పంపకమునకు ఒడంబడిక వ్రాసికొనుటకు కారణమిదియే.

అయినను కథ అంతటితో ముగియలేదు. 1792, 1799 సంవత్సరములలో టిప్పు రాజ్యమునుండి తన పాలికి వచ్చిన సీమలను నిజాము, 1800 అక్టోబరు సంధిచే, తన రక్షణకై యుంచిన కుంపిణీ సేన వ్యయము క్రింద కుంపిణీకే వదలుకొనెను. అవియే దత్తమండలములు. వానికి 1807 వరకు మన్రోయే ప్రధాన కలెక్టరు. ఆయన సుమారు 80 మంది పాలెగాండ్రను అణచి, పొలము పొలమును కొలిపించెను. శత్రుసేనను లెక్కించిన కన్నే మన చేలను లెక్కించినది.

న్యాయము చెప్పవలెను. పన్ను భారమని యెరిగి, నాల్గవవంతు తగ్గింపవలెనని 1807లో ఆయనయే వ్రాసెను. నాడది అమలు కాలేదు. 1820లో మదరాసు గవర్నరై, 1827 జూలై 6న పత్తికొండలో విశూచిచే మరణించెను. ఆయన దయను మేము కాదనము. కాని దయగల పరుని చేతిలోని లెక్క పరుని లెక్కయే.

మిత్రుని వార్త వినుట మంచిదే. మన కాపును, మన పొలపు లెక్కను మన చేత నుంచుకొనుట అంతకంటె మంచిది.