ఆర్జనకు ముందే అర్పణము: సర్దార్ గౌతు లచ్చన్న

ముందు ఇల్లు చక్కబెట్టుకొని, నాలుగు రాళ్లు వెనుక వేసికొని, పిదప లోకమునకు చేయవలెనన్న మాట మన పెద్దల నోట తఱచు వినబడుచుండును. ఆ త్రోవను నడచి కీర్తి గాంచినవారును లేకపోలేదు. కోరంగిలో పేదయింట పుట్టి, రంగూనుకు పోయి, అచట అపారధనము గడించి, దానిని మరణశాసనమున ధర్మకార్యములకు వ్రాసియిచ్చిన మల్లాడి సత్యలింగనాయకరుగారి పేరు కాకినాడ విద్యాసంస్థలలో నేటికిని నిలిచియున్నది. అట్టి దాతృత్వమును చిన్నచేసి చెప్పుట తగదు. కాని ఉద్దానపు కడలియొడ్డున పుట్టిన గౌతు లచ్చన్నగారు ఆ వరుసను తలక్రిందులు చేసిరి.

ఆయన 1909 ఆగస్టు 16వ తేదీన సోంపేట తాలూకా బారువాలో చిట్టయ్య, రాజమ్మ దంపతులకు జన్మించిరి. ఆ సీమ నాడు గంజాం జిల్లాలోనిది. 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడినపుడు విశాఖపట్టణము జిల్లాలో చేరి, 1950లో శ్రీకాకుళము జిల్లాలోని దయ్యెను. కొబ్బరి, పనస, జీడిమామిడి తోటలతో ఉద్దానము కన్నులపండువుగా నుండును. అయితే తోటల పచ్చదనము చూచి మురియువానికి ఆ చెట్లక్రింది బ్రతుకులు కానరావు. లచ్చన్నగారి వారి కులవృత్తి కల్లుగీత. అట్టి యింటి బిడ్డ మెట్రిక్యులేషను వఱకు వచ్చుటయే ఆనాడు విశేషము. మఱియొక అడుగు వేసినచో ఏ గుమాస్తా కొలువో, నెల జీతమో దొరకియుండును.

ఇంతలో 1930 వచ్చెను. గాంధీజీ ఉప్పు సత్యాగ్రహమునకు పిలుపునీయగా లచ్చన్నగారు చదువు విడిచిరి. సముద్రపు నీటితో ఉప్పు వండి, దాని నమ్మి, ఆ సొమ్ముతోనే ఉద్యమము నడిపిరి. మూలధనము లేనివానికి సముద్రమే మూలధనమయ్యెను! టెక్కలి చెంతనున్న నౌపడ ఉప్పుమళ్లలో జరిగిన సత్యాగ్రహమున పాల్గొన్నందులకు టెక్కలి, నరసన్నపేట సబ్‌జైళ్లలోను, పిమ్మట బరంపురము జైలులోను ఉండవలసివచ్చెను. సంపాదన లేక సేవకు దిగినవాని భారము ఇంటివారిపై పడునన్న ఆక్షేపణలో నిజము లేకపోలేదు. త్యాగమూర్తుల చరిత్రలు వ్రాయువారు ఈ సంగతిని సాధారణముగ దాటవేయుదురు.

పదేండ్లు గడచెను. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ మహాసభ జరిగెను. ఆచార్య రంగాగారి అనుచరుడైన లచ్చన్నగారు దాని నిర్వహణలో ముందు నిలిచిరి. కొలది దినములకే, ఏప్రిల్ 1న, మందసా జమీందారీలోని గుడారి రాజమణిపురమున పోలీసు కాల్పులకు వీరగున్నమ్మయు, మఱికొందఱు రైతులును బలియైరి. అడవి కట్టెలపై రైతుల హక్కు కొఱకు పుట్టిన పోరాటమది. తాను కూడబెట్టుకొను దాక ఆగుమని ఆ రైతులతో ఎవరు చెప్పగలరు?

అయితే లచ్చన్నగారి జీవితమున అన్నిటికంటె చిక్కైన ఘట్టము స్వాతంత్ర్యము తరువాతనే వచ్చినది. ఆయన గాంధీజీ బాటలో పెరిగిన వారు. పుట్టినది గీతవారి యింట. మద్యనిషేధము 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతట వ్యాపించెను. తాటిచెట్టు తప్ప వేఱొక ఆధారము లేని కుటుంబములలో మోకును, గీతకత్తియు మూలబడెను. నిషేధమువలన సమాజమునకు మేలు కలుగవచ్చును, కాని ఆ మేలునకు వెల చెల్లించిన దెవరు? కూడబెట్టుకొన్నది ఏమియు లేనివారే. ఆంధ్రరాష్ట్ర మేర్పడిన పిమ్మట నియమింపబడిన రామమూర్తి కమిటీ నిషేధమును తొలగింపవలెనని సూచించెను. ప్రకాశం ప్రభుత్వము అందులకు సమ్మతింపలేదు. 1954లో లచ్చన్నగారు గీతకార్మికుల సత్యాగ్రహమును నడిపిరి. ఆ నవంబరులో, ఈ నిషేధ వివాదము మీదనే, ప్రకాశం మంత్రివర్గము శాసనసభలో ఒక్క వోటు తేడాతో కూలిపోయెను.

ఆంధ్రకేసరిని ఆరాధించువారికి ఇది మింగుడుపడని సంగతి. గాంధేయుడై యుండి నిషేధము నెదిరించుట ద్రోహము కాదా యని తలచువారును ఉందురు. కాని తన చదువును, కొలువును విడుచుకొనుట యొకటి, ఎదుటివాని పళ్లెములోని కూడు తీసి ఆదర్శమునకు నివేదించుట వేఱొకటి. మొదటిదానిని తాను ఆచరించి, రెండవదాని నడ్డుకొన్నవారు లచ్చన్నగారు. ఆయన నడవడిలో వైరుధ్యము కనబడుట పైపై చూపునకు మాత్రమే.

అటుపిమ్మట మంత్రిపదవి, పెక్కు పర్యాయములు సోంపేట శాసనసభ్యత్వము, 1978 పిదప ప్రతిపక్ష నాయకత్వము ఆయనకు లభించెను. రాజకీయమున గడించుకొన్న దానిని కూడ ఆయన పదిలపఱచుకొనలేదు. 1967లో స్వతంత్ర పార్టీ పక్షమున శ్రీకాకుళము లోక్‌సభ స్థానమును, సోంపేట శాసనసభ స్థానమును రెండింటిని గెలిచిరి. ఆ ఎన్నికలలోనే రంగాగారు ఓడిపోయిరి. లచ్చన్నగారు లోక్‌సభ స్థానమును వదలుకొనగా, ఉపఎన్నికలో రంగాగారు అచటినుండి గెలిచి పార్లమెంటునకు వెడలిరి. లచ్చన్నగారు సోంపేట శాసనసభ్యునిగనే ఉండిపోయిరి.

ఆయన 2006 ఏప్రిల్ 19వ తేదీన కన్నుమూసిరి. నాగావళిపైనున్న తోటపల్లి బ్యారేజికి సర్దార్ గౌతు లచ్చన్న పేరు పెట్టబడినది.