డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డిగారు

1953వ సంవత్సరము వరకు మన కోనసీమ మద్రాసు పాలనలో నుండెను. నాటి మద్రాసు శాసనసభలో మొట్టమొదటి స్త్రీ సభ్యురాలై, ఉపాధ్యక్షురాలుగాను పనిచేసినవారు డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డిగారు. దేవదాసీ పద్ధతిని రూపుమాపుటకు ఆమె పడిన పాటు పలువు రెరిగినదే. క్యాన్సరు విషయమున ఆమె చేసిన కృషి మన ప్రాంతమున అంతగా తెలియదు. ఈ సంచికను చదువు సోదరీమణుల కొరకు దానినే కొంత విస్తరించి వ్రాయుచున్నాను.

ఆమె 1886 జూలై 30వ తేదీన పుదుక్కోట సంస్థానమున జన్మించిరి. తల్లి దేవదాసీ కులస్థురాలు, తండ్రి కళాశాల ప్రధానాచార్యులు. బాలుర కళాశాలలో బాలికను చేర్చుకొనుటకు ఆక్షేపణలు రాగా మహారాజు అనుమతి నొసగిరి. 1912లో మద్రాసు వైద్యకళాశాలలో పట్టము నందిరి. తనను సమానురాలిగా చూడవలెనను నియమముతో 1914లో డాక్టరు సుందర రెడ్డిగారిని వివాహమాడిరి.

1923లో ఆమె చెల్లెలు పురీషనాళపు క్యాన్సరుతో మరణించెను. అక్క వైద్యురాలై యుండియు చెల్లెలి ప్రాణము దక్కలేదు. ఆ దుఃఖము నుండియే క్యాన్సరునకు ప్రత్యేక వైద్యశాల యుండవలెనను పట్టుదల పుట్టినది. ఈ వ్యాధి వచ్చినవారు చచ్చుటయే గదా, దానికి ఆస్పత్రి యేల యను ప్రశ్న ప్రభుత్వవర్గముల నుండియే వచ్చెను. ఆమె స్త్రీల సంఘముతో కలిసి చందాలు కూర్చిరి. 1952లో నెహ్రూగారు శంకుస్థాపన గావించిరి. 1954లో అడయారున 12 పడకలతో వైద్యశాల తెరువబడెను. కుమారుడు డాక్టరు కృష్ణమూర్తిగారును, మరుసటి యేడు చేరిన డాక్టరు శాంతగారును దానిని పెంచిరి.

చచ్చుటయే గదా యను మాట అప్పటికి పూర్తిగా అబద్ధము కాదు. రోగులు వ్యాధి ముదిరిన పిమ్మటనే వచ్చుచుండిరి. నేడు మన దేశమున స్త్రీలకు అన్నిటికంటె ఎక్కువగా వచ్చు రొమ్ము క్యాన్సరు సంగతియు నింతే. గడ్డ మొదట సామాన్యముగా నొప్పి పెట్టదు. నొప్పి లేదు గనుక మనవారు ఉపేక్షింతురు. సిగ్గుచే భర్తకైనను చెప్పరు. పసరుకట్లు కట్టి, రాచపుండైన పిమ్మట పట్టణమునకు పరుగెత్తుదురు. గడ్డలలో చాలవరకు క్యాన్సరు కావు. అది తేల్చవలసినవారు వైద్యులు. చర్మము సొట్టపడుట, చనుమొన క్రొత్తగా లోనికి పోవుట, దాని నుండి రక్తము కారుట, చంకలో బిళ్ల కనబడుట గూడ చూపించుకొనవలసినవే.

వయస్సు పైబడినవారికిని, తల్లికో తోబుట్టువునకో ఈ వ్యాధి వచ్చినవారికిని, ఆలస్యముగా తొలికాన్పు అయినవారికిని, ముట్లుడిగిన పిదప స్థూలకాయము గలవారికిని అపాయము హెచ్చు. బిడ్డకు పాలిచ్చుట దానిని కొంత తగ్గించును. మా వంశమున లేదని ధైర్యపడుట మాత్రము తగదు. ఈ వ్యాధి వచ్చినవారిలో అధికసంఖ్యాకులకు వంశమున నెవరికిని లేదు. ముప్పదియేండ్లు దాటిన స్త్రీలకు అయిదేండ్ల కొకమారు రొమ్ము పరీక్ష చేయవలెనని 2016లో ప్రభుత్వము నిర్ణయించినది. మామోగ్రామను ఎక్స్‌రే, చేతికి తగులని గడ్డను సైతము చూపగలదు.

ముత్తులక్ష్మీ రెడ్డిగారు 1968 జూలై 22వ తేదీన దివంగతులైరి. శాంతగారు 2021లో మరణించువరకు ఆ వైద్యశాలనే అంటిపెట్టుకొని యుండిరి.