మట్టిలో మందు: మన భీమవరం సుబ్బారావు గారు



ఈ నెల మన ప్రాథమిక తరగతుల పిల్లలను ఆకివీడు దగ్గర ఒక కుటుంబం సేంద్రియ పద్ధతిలో సాగుచేసుకుంటున్న చిన్న పొలానికి తీసుకువెళ్తున్నాం. ఆకుకూరల మళ్లు, పశువుల ఎరువు, తడి మట్టి చూస్తారు, చేత్తో పట్టుకుంటారు కూడా. పాత బట్టలు వేసి పంపండి. ఈలోగా ఇంట్లో ఒకరి గురించి వాళ్లకు చెప్పండి. ఆయన మన పక్కనున్న భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు.

1895 జనవరి 12న పుట్టారు. చిన్నప్పుడు చదువు మీద ధ్యాస లేదు. 13 ఏళ్లప్పుడు కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి సంపాదిద్దామని ఇంట్లోంచి పారిపోతే, వెతికి వెనక్కి తెచ్చారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో గట్టెక్కారు. తల్లి వెంకమ్మ గారి పట్టుదల లేకపోతే అదీ జరిగేది కాదేమో. మార్కులు వచ్చిన రోజు మన ఇళ్లలో వినిపించే మాటలు తలుచుకుంటే, ఈ సంగతి దాటవేయాలనిపించలేదు.

మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టుకుని తిరిగారు. శస్త్రచికిత్స ఆచార్యుడికి అది గిట్టలేదు. చివరికి ఎంబీబీఎస్ బదులు అంతకన్నా తక్కువదైన ఎల్‌ఎంఎస్ పట్టా చేతికొచ్చింది. అసలు దెబ్బ ఇంట్లో తగిలింది. అన్న పురుషోత్తం గారు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. అందులో తిన్నది ఒంటికి పట్టదు, రక్తం తగ్గిపోతుంది, మనిషి చిక్కిపోతాడు. సుబ్బారావు గారికీ అదే పట్టుకుంటే, ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బయటపడ్డారు.

1920ల మొదట్లో అమెరికాలోని బోస్టన్ చేరారు. ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేస్తూ హార్వర్డ్‌లో పరిశోధన సాగించారు. సైరస్ ఫిస్కేతో కలిసి, కండరాలకు శక్తినిచ్చే ఏటీపీని 1929లో వెల్లడించారు. అయినా అక్కడ స్థిరమైన ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లే మందుల సంస్థకు మారారు.

మన పిల్లలు చూడబోయే ఆకుకూరల మళ్లకూ ఆయనకూ సంబంధం ఇక్కడే. 1941లో టెక్సాస్ శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూర నుంచి ఒక విటమిన్‌ను వేరుచేసి, ఆకు అని అర్థమిచ్చే లాటిన్ మాటతో ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. దాన్ని 1945 నాటికి ప్రయోగశాలలో తయారుచేసింది సుబ్బారావు గారి బృందం. అది స్ప్రూ రోగులకు పనిచేసింది. అన్నగారికి మాత్రం పాతికేళ్లు ఆలస్యమైంది. ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే మందులనూ ఆ బృందమే చేసింది. సిడ్నీ ఫార్బర్ వాటితో పిల్లల రక్త క్యాన్సర్‌కు చికిత్స మొదలుపెట్టారు.

ఇక మట్టి సంగతి. లెడర్లేలో రకరకాల చోట్ల నుంచి మట్టి తెప్పించి, అందులోని సూక్ష్మజీవులను పరీక్షించేవారు. మిస్సోరి విశ్వవిద్యాలయపు పొలంలో గడ్డి మడి నుంచి వచ్చిన మట్టిలోనే బెంజమిన్ డగ్గర్‌కు ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ దొరికింది. (మందుతోపాటు రోగక్రిములూ మట్టిలోనే ఉంటాయి కనుక పొలంలో చేతులు కడిగించే బాధ్యత మాది.)

ఆ మందు 1948లో లోకానికి తెలిసింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు 53 ఏళ్లకు గుండెపోటుతో కన్నుమూశారు. అమెరికా వెళ్లాక మళ్లీ స్వదేశం చూడలేదు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. ఆయన మందు మాత్రం వచ్చింది. బోదకాలు రాకుండా మన జిల్లాల్లో ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్ర 1947లో ఆయన బృందం తెచ్చినదే. మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే, ఆ మాత్ర మింగిన సంగతి చెబుతారు.