ఆమె పాత్రలు అవార్డులందుకున్నాయి.. ఆమె అందుకోలేదు

నేడు మహానటి సావిత్రి వర్ధంతి

సంగారెడ్డి, డిసెంబరు 26: జాతీయ ఉత్తమ నటి పురస్కారాన్ని 2018 సంవత్సరానికి కీర్తి సురేశ్ గెలుచుకున్నారు. నాగ్ అశ్విన్ దర్శకత్వంలో వచ్చిన ‘మహానటి’ చిత్రంలో సావిత్రి పాత్రను పోషించినందుకు ఆమెకు ఈ గౌరవం లభించింది. 2019 ఆగస్టులో ఆ ప్రకటన వెలువడినప్పుడు తెలుగు ప్రేక్షకులు తమ ఇంటి ఆడపడుచుకే కిరీటం దక్కినంతగా సంబరపడ్డారు. అయితే ఆ సంబరంలో ఒక వెలితి కూడా దాగి ఉంది. సావిత్రిగా నటించిన వారికి దక్కిన ఆ పురస్కారం సావిత్రికి ఏనాడూ దక్కలేదు. మూడు దశాబ్దాల పాటు తెలుగు, తమిళ చిత్రసీమల్లో వెలిగిన నటీమణి పేరు జాతీయ ఉత్తమ నటి జాబితాలో గానీ, ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ నటి జాబితాలో గానీ కనిపించదు. అందుకు ఆమె నటనలోని లోపం కారణం కాదు. ఆమె రాణించిన రోజుల్లో దక్షిణాది నాయికలకు ఆ పందెమే లేదు.

చిర్రావూరు నుంచి చెన్నపట్నానికి..

గుంటూరు జిల్లా చిర్రావూరులో నిశ్శంకర గురవయ్య, సుభద్రమ్మ దంపతులకు సావిత్రి జన్మించారు. పసికందుగా ఉండగానే తండ్రిని కోల్పోయారు. పెదనాన్న కొమ్మారెడ్డి వెంకట్రామయ్య అండన విజయవాడలో పెరిగారు. అక్కడే నృత్యం అభ్యసించి, చిన్ననాటనే నాటకాల్లో వేషాలు కట్టారు. ఆ బాలికలోని చురుకును గమనించిన పెదనాన్న సినిమా అవకాశాల కోసం ఆమెను మద్రాసుకు తీసుకువెళ్లారు.

తొలి అడుగు కలసిరాలేదు. ఎల్వీ ప్రసాద్ దర్శకత్వంలోని ‘సంసారం’(1950)లో మంచి పాత్రకే ఎంపికైనప్పటికీ, కెమెరా ముందు బెరుకు వల్ల ఆ అవకాశం చేజారింది. చివరకు చిన్న వేషంతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ‘పాతాళభైరవి’(1951)లో ఒక నృత్య సన్నివేశంలో మాత్రమే కనిపించారు. ‘పెళ్లి చేసి చూడు’(1952)తో పరిశ్రమ దృష్టి ఆమెపై పడింది. 1953లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో విడుదలైన ‘దేవదాసు’ ఆమె దశను మార్చింది. అక్కినేని నాగేశ్వరరావు సరసన పార్వతిగా ఆమె చూపిన నిగ్రహం, మౌనంలోనే పలికించిన దుఃఖం ప్రేక్షకులను కదిలించాయి. నాటి నుంచి నాయిక పాత్రలు ఆమె ఇంటి ముందు బారులు తీరాయి.

పుష్కర కాలపు వైభవం

1953 నుంచి 1964 వరకు సావిత్రి పోషించిన పాత్రలను వరుసగా పరిశీలిస్తే ఒకదానికొకటి పోలిక కనిపించదు. 1955 ఒక్క ఏడాదిలోనే ‘మిస్సమ్మ’, ‘అర్ధాంగి’, ‘దొంగరాముడు’, ‘కన్యాశుల్కం’ విడుదలయ్యాయి. ‘మిస్సమ్మ’లో నాయికగా మొదట భానుమతిని తీసుకున్నారు. నిర్మాతలతో భేదాభిప్రాయాల వల్ల ఆమె తప్పుకోగా, రెండో నాయికగా ఉన్న సావిత్రికి మేరీ పాత్ర దక్కింది. సావిత్రి స్థానంలోకి జమున వచ్చారు. ముక్కుమీద కోపం, మనసులో మెత్తదనం గల మేరీగా సావిత్రి హాస్యాన్ని సైతం అలవోకగా పండించగలరని రుజువైంది. అదే ఏడాది ‘అర్ధాంగి’లో మతి ఎదగని భర్తను తీర్చిదిద్దుకునే ఇల్లాలిగా, గురజాడ వారి మధురవాణిగా ఆమెను చూసిన వారు ఇందరూ ఒక్కరేనా అని ఆశ్చర్యపోయారు.

1957లో కె.వి.రెడ్డి ‘మాయాబజార్’ వచ్చింది. శశిరేఖ రూపం దాల్చిన ఘటోత్కచుడిగా నటించడం ఆమెకు ఎదురైన చిత్రమైన పరీక్ష. పైకి సుకుమారి, లోపల రాక్షసుడు. ఎస్వీ రంగారావు నడకను, కంటి విరుపును, గద పట్టే ఠీవిని ఆడపిల్ల అందంలో ఇమిడ్చి చూపడం నటనాభ్యాసం చేసేవారికి నేటికీ పాఠమే. 1960లో ‘చివరకు మిగిలేది’లో రోగులకు సేవ చేస్తూ తానే మతి కోల్పోయే నర్సుగా ఆమె నటన మరో శిఖరం. బెంగాలీలో సుచిత్రాసేన్, ఆ తరువాత హిందీ ‘ఖామోషీ’(1969)లో వహీదా రెహమాన్ ఇదే పాత్రను పోషించారు. ‘గుండమ్మ కథ’(1962)లోని లక్ష్మి, ‘నర్తనశాల’(1963)లోని ద్రౌపది తెలుగు లోగిళ్లలో చిరపరిచితులు. తమిళంలో ‘పాశమలర్’(1961) వంటి చిత్రాలు ఆమెకు అంతే ఖ్యాతిని తెచ్చాయి. తెలుగువారు మహానటి అని పిలుచుకుంటే, తమిళులు నడిగయర్ తిలకం అని గౌరవించారు.

పందెమే లేని కాలం

కేంద్ర ప్రభుత్వం 1953 చిత్రాల నుంచే జాతీయ పురస్కారాలను ప్రారంభించింది. అయితే అవి చిత్రాలకు ఇచ్చేవే తప్ప నటీనటులకు ఇచ్చేవి కావు. సావిత్రి నాయికగా నటించిన ‘నమ్మినబంటు’కు ఉత్తమ తెలుగు చిత్రంగా రాష్ట్రపతి రజత పతకం వచ్చింది. ఆ పతకం చిత్రానిదే గానీ నటిది కాదు. ఉత్తమ నటి అనే విభాగాన్ని చేర్చింది 1967 చిత్రాలకు. తొలి పురస్కారం ‘రాత్ ఔర్ దిన్’ చిత్రానికి గాను నర్గీస్‌ను వరించింది. అప్పటికి ‘దేవదాసు’ విడుదలై 14 ఏళ్లు గడిచాయి.

ఫిల్మ్‌ఫేర్ సంగతీ అంతే. 1954లో ఆ పురస్కారాలు మొదలైనప్పుడు తొలి ఉత్తమ నటిగా ‘బైజూ బావ్రా’ నాయిక మీనాకుమారి ఎంపికయ్యారు. 1963 నాటి పోటీలో తుది జాబితాలోని మూడు పేర్లూ మీనాకుమారివే కావడం నేటికీ చెప్పుకునే విశేషం. ‘సాహిబ్ బీబీ ఔర్ గులాం’ ఆమెకు ఆ ఏడాది విజయాన్ని అందించింది. కానీ ఇవన్నీ హిందీ చిత్రాలకే పరిమితం. దక్షిణాది నటీమణులకు ఫిల్మ్‌ఫేర్ తలుపులు తెరుచుకున్నది 1972లో. అంటే హిందీ నాయికల కంటే తెలుగు నాయికలు 18 ఏళ్లు ఆగవలసి వచ్చింది.

రాష్ట్ర ప్రభుత్వ నంది పురస్కారాలు 1964లో ఆరంభమయ్యాయి. ఉత్తమ చిత్రంగా తొలి బంగారు నందిని గెలుచుకున్న ‘డాక్టర్ చక్రవర్తి’లోనూ నాయిక సావిత్రే. నటీనటులకు విడిగా నందులు ఇచ్చే ఆనవాయితీ మాత్రం 1970ల ద్వితీయార్ధంలో గానీ రాలేదు. విదేశీ వేదికపై తెలుగు నటనకు గుర్తింపు లభించిన సందర్భంలోనూ ఆమెది పక్క స్థానమే. జకార్తాలో 1964లో జరిగిన ఆఫ్రో-ఏషియన్ చిత్రోత్సవంలో ‘నర్తనశాల’ కీచకుడు ఎస్వీ రంగారావు ఉత్తమ నటుడయ్యారు. ఆయన ఎదుట ద్రౌపదిగా నిలిచిన నటి సావిత్రి.

ఒకే కథ.. రెండు ఫలితాలు

సావిత్రి జీవితంలో ‘మూగమనసులు’ కథను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఆదుర్తి సుబ్బారావు దర్శకత్వంలో 1964లో విడుదలైన ఈ చిత్రంలో జమీందారు బిడ్డ రాధగా సావిత్రి, గౌరిగా జమున నటించారు. అదే కథను ఆదుర్తి హిందీలో ‘మిలన్’(1967) పేరిట తీశారు. సావిత్రి చేసిన పాత్రను నూతన్ పోషించి ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ నటిగా నిలిచారు. తెలుగులో చేసిన పాత్రనే హిందీలోనూ చేసిన జమునకు ఉత్తమ సహాయ నటి పురస్కారం లభించింది. ఆ రెండు పాత్రల్లో ఒకదానికి ప్రాణం పోసిన తొలి నటికి మాత్రం ఏ బహుమతీ చేరలేదు.

ఆ కథపై సావిత్రికి మక్కువ తీరలేదు. శివాజీ గణేశన్ సరసన తానే నటిస్తూ, తానే దర్శకత్వం వహిస్తూ, తానే నిర్మాతగా తమిళంలో ‘ప్రాప్తం’(1971) తీశారు. చిత్రం పరాజయం పాలైంది. నూతన్‌కు కిరీటం తెచ్చిన కథే సావిత్రి ఆస్తిని హరించింది.

చేజారిన సిరులు

అప్పటికే వివాహితుడైన జెమినీ గణేశన్‌ను సావిత్రి 1952లో రహస్యంగా పెళ్లాడారు. కొన్నేళ్ల తరువాత ఆ సంగతి లోకానికి తెలిసింది. ఇద్దరు బిడ్డలు కలిగారు. 1960ల చివరకు ఆ కాపురంలో కలతలు ముదిరాయి. అదే సమయంలో ఆమె దర్శకత్వం వైపు మొగ్గారు. మహిళలే ముఖ్య సాంకేతిక బాధ్యతలు వహించిన ‘చిన్నారి పాపలు’(1968)తో దర్శకురాలయ్యారు. ‘మాతృదేవత’(1969), ‘వింత సంసారం’(1971) వంటి చిత్రాలూ తీశారు. దర్శకత్వం చేసే స్త్రీలు వేళ్లమీద లెక్కించదగినంత మందే ఉన్న ఆ రోజుల్లో అది సాహసం. ఆ సాహసానికి తగిన ఆర్థిక అండ, జాగ్రత్త ఆమెకు లేకపోయాయి.

చేతికి ఎముక లేనట్లు దానం చేసే గుణం ఆమెది. 1965 యుద్ధకాలంలో తన ఒంటిమీది నగలను ప్రధాని లాల్‌బహదూర్ శాస్త్రికి జాతీయ రక్షణ నిధి కోసం అందజేశారు. ఆదాయం ఉన్నన్నాళ్లు చుట్టూ జనం ఉన్నారు. చిత్ర నిర్మాణ నష్టాలు, ఆదాయపు పన్ను బకాయిలు ఒక్కసారిగా మీదపడ్డాక ఇల్లూ వాకిలీ దూరమయ్యాయి. మధుమేహం, మద్యం అలవాటు ఆరోగ్యాన్ని కుంగదీశాయి. ఫిల్మ్‌ఫేర్ దక్షిణాది నాయికలకు పోటీ తెరిచిన 1972 నాటికి సావిత్రి తల్లి, వదిన వేషాలకు మారిపోయారు. దాసరి నారాయణరావు తీసిన ‘గోరింటాకు’(1979) ఆ చివరి దశలోనిదే. 1980లో బెంగళూరులో అపస్మారక స్థితిలోకి వెళ్లిన ఆమె సుమారు 19 నెలలు కోలుకోలేదు. 1981 డిసెంబరు 26న మద్రాసులో కన్నుమూశారు. అప్పటికి ఆమెకు యాభై ఏళ్లు కూడా నిండలేదు.

ఉమ్మడి మెదక్‌తో ముడిపడిన కిరీటాలు

పటాన్‌చెరు, రామచంద్రాపురం పరిసరాల్లో కర్మాగారాలు బారులు తీరే నాటికి నాయికగా సావిత్రి వైభవం ముగింపునకు వచ్చింది. అయితే ఆమెకు అందని జాతీయ ఉత్తమ నటి కిరీటం తరువాతి కాలంలో తెలుగు చిత్రాలకు దక్కిన చరిత్రలో ఈ ప్రాంతానికీ పాలుంది.

సావిత్రి పుట్టిన గుంటూరు జిల్లాకే చెందిన తెనాలి బిడ్డ శారద, నర్గీస్ తరువాత ఏడాదే ‘తులాభారం’తో జాతీయ ఉత్తమ నటి అయ్యారు. అది మలయాళ చిత్రం. తెలుగు చిత్రానికి ఆ గౌరవం దక్కడానికి మరో పదేళ్లు పట్టింది. బి.ఎస్.నారాయణ ‘నిమజ్జనం’తో 1978 సంవత్సరానికి శారదే దాన్ని సాధించారు. అప్పటికి సావిత్రి జీవించే ఉన్నారు.

తరువాతి వంతు ‘దాసి’ది. సంగారెడ్డి కేంద్రంగా ఉన్న నాటి మెదక్ జిల్లాలోని ప్రజ్ఞాపూర్‌లో పుట్టిన బి.నర్సింగరావు తెలంగాణ గడీల్లో నలిగిన ఆడబిడ్డ వ్యథను తెరకెక్కించారు. 1988 సంవత్సరానికి ఆ చిత్రం అయిదు జాతీయ పురస్కారాలను గెలిచింది. అందులో అర్చనకు దక్కిన ఉత్తమ నటి పురస్కారం ఒకటి. ‘కర్తవ్యం’లో పోలీసు అధికారిణిగా నటించి 1990 సంవత్సరానికి ఉత్తమ నటి అయిన విజయశాంతి, 2009లో మెదక్ లోక్‌సభ స్థానం నుంచి ఎన్నికయ్యారు. సంగారెడ్డి, పటాన్‌చెరు శాసనసభ నియోజకవర్గాలు ఆ స్థానం పరిధిలోనివే. వీరి తరువాత తెలుగు చిత్రానికి ఆ కిరీటం మళ్లీ దక్కడానికి 28 ఏళ్లు పట్టింది. దక్కించింది సావిత్రి కథే.

తపాలా బిళ్లపై సరిసమానంగా..

కేంద్ర తపాలా శాఖ 2011 ఫిబ్రవరిలో అలనాటి నాయికలు ఆరుగురి స్మారకార్థం బిళ్లలు విడుదల చేసింది. ఫిల్మ్‌ఫేర్ తొలి ఉత్తమ నటి మీనాకుమారి, ఆ పురస్కారాన్ని అయిదు సార్లు అందుకున్న నూతన్ వారిలో ఉన్నారు. వారి పక్కనే సావిత్రి ఉన్నారు. జీవించి ఉండగా ఒకే పోటీలో నిలబడే అవకాశం లేని ఈ ముగ్గురికీ అక్కడ సమాన స్థానం లభించింది.

అంతకు ఏడాది ముందు, 2010లో, ‘మాయాబజార్’ రంగులద్దుకుని మళ్లీ విడుదలైంది. సావిత్రి మరణించాక పుట్టిన పిల్లలు తల్లిదండ్రుల పక్కన కూర్చుని శశిరేఖను చూశారు. ఆ పిల్లలకు ఆమె అందుకున్న పురస్కారాల జాబితా తెలియదు. ఘటోత్కచుడు ఆడపిల్లలా మారి లక్ష్మణకుమారుడిని హడలగొట్టే ఘట్టం రాగానే వారూ, వారి తాతలూ ఒకేచోట నవ్వారు.