లోహవిజ్ఞాన ధురీణుడు – డాక్టర్ బ్రహ్మప్రకాశ్

తిరుపతి జిల్లా సూళ్లూరుపేట నుండి తూర్పుగా సాగే రహదారి పులికాట్ సరస్సును దాటి శ్రీహరికోటను చేరుతుంది. అక్కడి నుండి నింగికెగసే రాకెట్లకు అల్యూమినియం రెండు విధాల ఉపకరిస్తుంది. మిశ్రమలోహమై దేహభాగాలకు తేలికదనాన్నీ బలాన్నీ ఇస్తుంది. పొడియై ఘన ఇంధనంలో మండి శక్తినిస్తుంది. లోహాన్ని శుద్ధిచేసి, కరిగించి, పోతపోసి, కోరిన గుణాలు కలిగించే విద్యకు స్వతంత్ర భారతంలో పునాదులు వేసినవారిలో అగ్రగణ్యులు డాక్టర్ బ్రహ్మప్రకాశ్.

ఆయన 1912 ఆగస్టు 21న లాహోరులో జన్మించారు. రసాయనశాస్త్రం అభ్యసించి, తరువాత అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో లోహశాస్త్రాన్ని అధ్యయనం చేసి డాక్టరేటు పొందారు. స్వదేశానికి తిరిగివచ్చి, 1951లో బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ లోహశాస్త్ర శాఖకు తొలి భారతీయ అధిపతి అయ్యారు.

అనంతరం ట్రాంబే అణుకేంద్రం ఆయన కార్యక్షేత్రమైంది. కెనడా సహకారంతో నిర్మించిన సైరస్ రియాక్టరు 1960లో పనిచేయనారంభించింది. దాని తొలి ఇంధనంలో సగం ట్రాంబేలోనే తయారైంది. ఆ యురేనియం కడ్డీలకు అల్యూమినియమే తొడుగు. ఆ లోహం న్యూట్రాన్లను అంతగా పీల్చుకోదు. అయితే విద్యుత్తును ఉత్పత్తిచేసే రియాక్టర్ల వేడికి అది మెత్తబడుతుంది. అక్కడ జిర్కోనియం కావాలి. దానిని వీడక అంటిపెట్టుకొని ఉండే హాఫ్నియం న్యూట్రాన్లను మింగివేస్తుంది కనుక ముందు ఆ రెండింటినీ వేరుచేయాలి. ఈ కఠినకార్యాన్ని బ్రహ్మప్రకాశ్ నాయకత్వంలోని శాస్త్రజ్ఞులు సాధించారు. ఆ కృషి ఫలమే 1971లో హైదరాబాదులో వెలసిన అణు ఇంధన సముదాయం.

1972లో ఆయన తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రానికి తొలి సంచాలకులయ్యారు. అరవయ్యేళ్ల వయసులో అణుశక్తి నుండి అంతరిక్షానికి మారడం సామాన్యమైన విషయం కాదు. ఆయన ఆధ్వర్యంలో ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు రూపుదిద్దుకొంది. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుండి ఎగసిన ఆ రాకెట్టు కొద్ది నిమిషాలకే బంగాళాఖాతంలో కూలిపోయింది. ఏళ్ల శ్రమ సముద్రం పాలయింది. ప్రాజెక్టు సారథి అబ్దుల్ కలాం అలసటతో, నిరాశతో గదికి చేరి నిద్రలోకి జారుకొన్నారు. మధ్యాహ్నం గడిచాక భుజంపై ఒక చల్లని స్పర్శ ఆయనను మేల్కొలిపింది. బ్రహ్మప్రకాశ్ పక్కనే కూర్చొని ఉన్నారు. నిందించలేదు, సంజాయిషీ అడగలేదు, భోజనానికి పిలిచారు. కలాం తన ఆత్మకథలో ఈ ఘట్టాన్ని కృతజ్ఞతతో స్మరించారు.

ఆ సంవత్సరమే బ్రహ్మప్రకాశ్ పదవీ విరమణ చేశారు. 1980 జూలై 18న అదే శ్రీహరికోట నుండి ఎస్.ఎల్.వి.-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపినప్పుడు ఆయన ఆ పీఠంపై లేరు. అయినా ఆ విజయంలో ఆయన ధైర్యవచనానికీ భాగముంది.

పద్మశ్రీ, పద్మభూషణ్, భట్నాగర్ పురస్కారాలు పొందిన ఆ మేధావి 1984 జనవరి 3న కన్నుమూశారు. లోహాల స్వభావాన్ని ఎరిగినట్లే మనుషుల మనసునూ ఎరిగిన గురువు ఆయన. లోహానికి కొలిమి ఎట్టిదో, మనిషికి ఓటమి అట్టిదని ఆయన జీవితం తెలుపుతుంది.