పురుగుల వెంట నడిచిన మేరియన్

సీతాకోకచిలుకల్ని దగ్గరగా ఫొటో తియ్యాలంటే ఏ లెన్సు కొనాలండీ అని చాలామంది నన్ను అడుగుతుంటారు. శేషాచలం కొండల్లోనూ, తలకోన దారిలోనూ, చివరికి పెరట్లో కరివేపాకు చెట్టు దగ్గర కూడా కెమెరా పట్టుకుని కూర్చునే అలవాటు నాది. లెన్సు సంగతి అలా ఉంచి ముందు మరియా సిబిల్లా మేరియన్ గురించి తెలుసుకోమంటాను. ఫొటోగ్రఫీ లోకానికి తెలిసింది 1839లో. అంతకు 160 ఏళ్ల ముందే, గొంగళిపురుగు ఒంటిమీది నూగు కూడా కనిపించేలా బొమ్మలు వేసి పుస్తకం అచ్చువేసిన మహిళ ఆవిడ.

పట్టుపురుగే మొదటి గురువు

మేరియన్ 1647లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టింది. తండ్రి పేరున్న చిత్రకారుడు, ప్రచురణకర్త. ఆమెకి మూడేళ్లప్పుడే పోయాడు. తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది. ఆ మారుతండ్రి పూలబొమ్మలు వేసే చిత్రకారుడు. కుంచె పట్టడం ఆయన దగ్గరే నేర్చుకుంది.

పదమూడేళ్ల వయసులో ఆమె పట్టుపురుగుల్ని పెంచడం మొదలుపెట్టింది. మన పలమనేరు, కుప్పం, మదనపల్లె వైపు ఆడవాళ్లకి ఈ పని సంగతి ప్రత్యేకంగా చెప్పాలా! మల్బరీ ఆకు కోసుకొచ్చి వెయ్యడం, వానచినుకుల్లాంటి చప్పుడుతో పురుగులు మేస్తుంటే రాత్రిళ్లు లేచి చూసుకోవడం, నాలుగు జ్వరాలు, అంటే నాలుగుసార్లు పొర విడవడం దాటించడం, పండిన పురుగుల్ని చంద్రికల మీదికి ఎక్కించడం... ఇదంతా వాళ్లకి ఇంటిపనిలో భాగం. కానీ ఆ కాలంలో యూరప్‌లో పురుగులు బురదలోంచి, కుళ్లులోంచి వాటంతటవే పుట్టుకొస్తాయని నమ్మేవాళ్లు చాలామంది. గుడ్డులోంచి పురుగు, పురుగు కట్టిన గూట్లోంచి రెక్కలు రావడం కళ్లారా చూసిన ఆ పిల్ల, మిగతా గొంగళిపురుగులు కూడా ఇలాగే మారతాయేమో చూద్దామని దొరికినవల్లా ఇంటికి తెచ్చి పెంచింది.

పద్దెనిమిదో ఏట చిత్రకారుడు గ్రాఫ్‌తో పెళ్లయింది. ఇద్దరు కూతుళ్లు పుట్టారు. నూరెంబర్గ్‌లో ఆడపిల్లలకి బొమ్మలు, కుట్లు నేర్పుతూ, ఇంటిపని చేసుకుంటూనే పురుగుల పెట్టెలు కనిపెట్టుకుని ఉండేది. 1679లో ఆమె గొంగళిపురుగుల పుస్తకం వచ్చింది. 1683లో రెండో భాగం. ఒక్కోదాంట్లో 50 బొమ్మలు. ఒక పేజీలో ఒక మొక్క. ఆ మొక్క మీదే పురుగు, దాని గూడు, చివరికి రెక్కల పురుగు. ఏ ఆకు తిని ఏది బతుకుతుందో ఒక్క చూపులో తెలిసిపోతుంది.

దగ్గరి ఫొటోలకి అసలు కీలకం కూడా ఇదే. పువ్వు మీద వాలిన సీతాకోకచిలుక మనకోసం ఆగదు. మొక్క తెలిస్తే మటుకు పని సులువు. జిల్లేడు మీద ప్లెయిన్ టైగర్ పిల్లలు, గన్నేరు మీద కామన్ క్రో పిల్లలు, నిమ్మ, కరివేపాకు చెట్ల మీద వేరే రకాలు దొరుకుతాయి. గూడు రంగు మారి లోపలి రెక్కలు కనబడుతున్నాయంటే బయటికి వచ్చే సమయం దగ్గరపడినట్టే. వచ్చాక రెక్కలు ఆరేదాకా అది ఎగరలేదు. అప్పుడు నింపాదిగా తియ్యొచ్చు. ఖరీదైన లెన్సు కన్నా ఓపిక ముఖ్యం.

యాభై రెండేళ్లకి సముద్రం దాటి...

1680ల మధ్యలో మేరియన్ భర్తని వదిలి, తల్లినీ కూతుళ్లనీ తీసుకుని హాలండ్‌లోని ఒక మతసమాజంలో చేరింది. భర్త వచ్చి పిలిచినా తిరిగి వెళ్లలేదు. తల్లి పోయాక 1691లో ఆమ్‌స్టర్‌డామ్ చేరి, బొమ్మలు అమ్ముకుంటూ కూతుళ్లతో బతికింది. దూరదేశాల నుంచి ఓడల్లో వచ్చిన ఎండిన సీతాకోకచిలుకల్ని అక్కడి ధనవంతుల ఇళ్లలో చూసింది. అవి ఏం తిన్నాయో, ఎలా మారాయో చెప్పేవాళ్లు లేరు. సరే, తానే వెళ్లి చూడాలనుకుంది! 255 బొమ్మలు అమ్మి ఖర్చులకి సమకూర్చుకుని, వీలునామా రాసి, 1699లో చిన్నకూతురు డొరొతియాతో దక్షిణ అమెరికాలోని సురినామ్‌కి ఓడెక్కింది. అప్పటికి ఆమెకి 52 ఏళ్లు.

చెరకు తప్ప వేరే ధ్యాస లేని అక్కడి తోటల యజమానులు ఆమెని చూసి నవ్వారు. ఎండకీ, జ్వరానికీ తట్టుకోలేక రెండేళ్లకే 1701లో తిరిగొచ్చింది. 1705లో 60 బొమ్మలతో సురినామ్ పురుగుల పుస్తకం వేసింది.

ఆ పుస్తకంలో నన్ను ఆపేసిన బొమ్మ ఒకటుంది. మన ఇళ్ల ముందు పెంచుకునే రత్నగంధి పువ్వుది. దాని గింజల్ని అక్కడి బానిస స్త్రీలు గర్భం పోగొట్టుకోవడానికి వాడేవారని మేరియన్ రాసింది. తమ బిడ్డలు కూడా బానిసలు కాకూడదని! ఈ సంగతి ఆమెకి చెప్పింది ఆ స్త్రీలే. యజమానులు ఎవరూ పట్టించుకోని ఆ మాటని ఆమె అచ్చువేసింది, అది గొప్పే. కానీ ఆమెకీ బానిసలు ఉండేవారు. అడవిలో గొడ్డళ్లతో దారి కొట్టింది వాళ్లే. వాళ్ల పేర్లు పుస్తకంలో లేవు.

నవ్వినవాళ్లే నమ్మారు

మేరియన్ 1717లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కన్నుమూసింది. రష్యా చక్రవర్తి పీటర్ ఆమె బొమ్మల్ని కొనిపించుకున్నాడు. జీవులకి శాస్త్రీయనామాలు పెట్టిన లినేయస్ ఆమె బొమ్మల్ని ఆధారంగా వాడుకున్నాడు. అయినా సాలీడు పిట్టని తినడమేమిటని, ఆమె వేసిన బొమ్మ చూసి పందొమ్మిదో శతాబ్దంలో పండితులు ఎగతాళి చేశారు. అమెజాన్ అడవుల్లో తిరిగొచ్చిన హెన్రీ బేట్స్ తాను అది కళ్లారా చూశానని 1863లో రాశాక గానీ ఆ మాట నిలబడలేదు. 1990లలో జర్మనీ 500 మార్కుల నోటు మీద మేరియన్ బొమ్మ వేసింది. 2002లో యూరో నోట్లు వచ్చేదాకా అది చేతులు మారుతూనే ఉంది.

మన పట్టుపురుగుల షెడ్లలో ఆకు తడి ఎంత ఉండాలో, ఏ పురుగుకి రోగం తగిలిందో చూడగానే చెప్పే ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లకి తెలిసింది ఎక్కడా రాసి ఉండదు. మీ ఇంట్లో స్కూలు పిల్లలుంటే ఈ సెలవుల్లో ఒక నోటుపుస్తకం ఇచ్చి, కరివేపాకు చెట్టు మీది పురుగుని రోజూ తారీఖు వేసి రాయమనండి. సంగతి ఎవరు చెబితే వాళ్ల పేరు పక్కనే రాయమనండి.